తాళాల అక్కయ్య ఇంట్లో పండగ భోజనం

ఆడపిల్లల హాస్టల్ ఆఫీసులో మా ఇద్దరి బల్లలూ ఎదురెదురుగా ఉండేవి. నాది కాగితాల పని. సెలవు చీటీలు, ఫిర్యాదులు, పై ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరాలు, వాటికి జవాబులు. ఆవిడది తాళాల పని. మూడంతస్తులు, నూట ఇరవై ఆరు గదులు. గదికి రెండేసి తాళంచెవులు. ఒకటి గదిలో ఉండే అమ్మాయి దగ్గర, రెండోది ఆవిడ కుర్చీ వెనక గోడకి బిగించిన ఆకుపచ్చ చెక్క మీద. ఆ చెక్క చేసిచ్చింది వాళ్లాయనే. ప్రతి తాళంచెవికీ రేకు బిళ్ల, బిళ్ల మీద గది నంబరు. ఆవిడ వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి చాపి కావలసిన తాళంచెవి తీసేది. పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా తప్పు తాళంచెవి తీయగా నేను చూడలేదు.

హాస్టల్లో అందరూ ఆవిడని తాళాల అక్కయ్య అనేవారు. నాకంటే ఆరేళ్లు పెద్ద కాబట్టి నేనూ అక్కయ్యా అనే పిలిచేవాణ్ణి. ఆవిడ మాత్రం పిల్లల్ని గది నంబర్లతోనే పిలిచేది.

"ఏమ్మా ముప్పై ఏడూ, మళ్లీ లోపల పెట్టి తలుపు వేసేశావా?"

"సారీ అక్కయ్యా."

"నీ మతిమరుపుకి నా దగ్గర మందు లేదు గానీ తాడుంది. ఇలా రా." అంటూ ఆ అమ్మాయి తాళంచెవిని నాడాకి గుచ్చి మెడలో వేసి పంపేది.

ఆ రోజుల్లోనే మా విశ్వవిద్యాలయంలో బయటి దేశాల పిల్లల్ని చేర్చుకోవడం మొదలైంది. పదీ పదిహేను మంది ఆడపిల్లలు మా హాస్టల్లోనే అక్కడొకరూ ఇక్కడొకరుగా ఉండేవారు. వాళ్లకి మన భాష నేర్పడానికి ఆరు నెలల తరగతి ఒకటి పెట్టారు. ఆ తరగతికి పెట్టిన పుస్తకం ఏ తాతల కాలంలో అచ్చయిందో గానీ, ఆ పిల్లలు నోరు తెరిస్తే గ్రాంథికం తప్ప వచ్చేది కాదు. ఒకరోజు నూట నాలుగో గదిలో ఉండే పొడుగాటి అమ్మాయి వచ్చి, "అమ్మా, నా గది తాళపుచెవి పోయినది. దయచేసి వేరొకటి ఇప్పింపుడు" అంది. నేను టైపు మిషను వెనక తల దాచుకున్నాను. అక్కయ్య మాత్రం పెదవి బిగబట్టి, తాళంచెవి చేతికిచ్చి, ఆ పిల్ల మెట్లెక్కి కనుమరుగయ్యాక అప్పుడు నవ్వింది.

పండగకి మాకు నాలుగు రోజులు సెలవు. వంటవాళ్లు ఇళ్లకి వెళ్లిపోతారు, పిల్లలు వెళ్లిపోతారు, చుట్టుపక్కల హోటళ్లు కూడా మూసేస్తారు. 'పండగ సందర్భంగా నాలుగు రోజులు భోజనశాల మూసి ఉండును' అని ఏటా నోటీసు టైపు చేసేది నేనే. ఆ ఏడూ చేశాను. ఇళ్లకి వెళ్లలేని పిల్లలు కొందరున్నారనీ, వాళ్లు ఆ నాలుగు రోజులూ ఏం తింటారనీ నాకు తట్టలేదు. నాకే కాదు, ఆ కాగితం కింద సంతకం పెట్టిన సూపరింటెండెంటు మేడంకీ తట్టలేదు. ఆ మాటకొస్తే అక్కయ్యకీ తట్టలేదు.

పండగ రోజు పొద్దున్న ఆవిడకి అనుమానం పట్టుకుంది, స్టోరుగది తాళం వేశానా లేదా అని. తాళాల విషయంలో అనుమానం వస్తే ఆవిడకి కుదురుండదు. ఇంట్లో పొయ్యి మీద పాలు అత్తగారికి అప్పజెప్పి హాస్టల్‌కి వచ్చింది. స్టోరుగది తాళం వేసే ఉంది. తిరిగి వెళ్లబోతుంటే పైనుంచి కాలిన ప్లాస్టిక్ వాసన. మూడో అంతస్తు దాకా ఎక్కి నూట నాలుగో గది తలుపు తోసింది. నేల మీద నలుగురమ్మాయిలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో నీళ్లు కాచుకునే కరెంటు కెటిల్, దాంట్లో కుతకుతా ఉడుకుతున్న కోడిగుడ్లు. పక్కన సగం బిస్కెట్ పొట్లం, ఎండిపోయిన రొట్టె. గదుల్లో కరెంటు మీద వంట చేయకూడదని మా హాస్టల్లో గట్టి నియమం. చేస్తే రిపోర్టు రాయాలి. రాయవలసింది తాళాల అక్కయ్యే.

పొడుగమ్మాయి లేచి నిలబడింది. "క్షమింపుడు. ఇది నా నేరము. వీరికి ఎట్టి సంబంధము లేదు."

"ఆ నేరం అన్న మాటకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు తమ్ముడూ," అని తర్వాత నాతో చెప్పింది అక్కయ్య. "రెండ్రోజులుగా బిస్కెట్లు తింటున్నారు. సెలవులకి ముందు రోజు నా బల్ల ముందు నుంచే వెళ్లి కొనుక్కొచ్చుకున్నారు. నేను చూశాను కూడా. పిల్లలు కదా, బిస్కెట్లు ఇష్టమేమో అనుకున్నా."

పొడుగమ్మాయికి ఆవిడ ఇచ్చిన జవాబు రెండు మాటలే. ముందు, "ఆ ప్లగ్గు పీకెయ్యండి." ఆ తర్వాత, "పదకొండున్నరకి మా ఇంటికి భోజనానికి రండి."

పిల్లలు మొహాలు చూసుకున్నారు. "ఈ గుడ్లను ఏమి చేయవలెను?" అని అడిగింది పొడుగమ్మాయి.

"తెచ్చుకోండి. మీవే కదా, పారేస్తారా?"

అక్కయ్య ఇల్లు హాస్టల్‌కి నాలుగు వీధుల అవతల. కింద వాళ్లాయన వడ్రంగం పని చేసే కొట్టు, పైన రెండు గదులూ వంటిల్లూ. ఇంట్లో ఉండేది నలుగురు. ఆవిడా, ఆయనా, అత్తగారూ, పదో తరగతి చదివే కూతురూ. అక్కయ్య ఇంటికెళ్లేసరికి అత్తగారు కూరలు తరుగుతోంది.

"అత్తయ్యా, భోజనానికి నలుగురు పిల్లలొస్తున్నారు."

"ఎవరి పిల్లలు?"

"హాస్టల్ పిల్లలు. బయటి దేశాల వాళ్లు."

అత్తగారు కత్తి ఆపింది. "అయితే వాళ్లేం తింటారో, ఏం తినరో?"

"ఆకలి మీదున్నారు, ఏదైనా తింటారు లెండి," అంది అక్కయ్య, చీర కొంగు బిగించుకుంటూ. ఆ మాట అనకుండా ఉండవలసింది అని ఆవిడ నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

పదకొండున్నరకి మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. నలుగురి చప్పుడు ఎంతసేపుంటుంది? అది ఆగలేదు. తలుపు తీసి చూస్తే మెట్ల నిండా అమ్మాయిలే. పదకొండు మంది. అందరికంటే ముందు పొడుగమ్మాయి, చేతిలో గుడ్ల గిన్నె.

"అమ్మా, ఇతర అంతస్తులలోని వారును ఆకలితో ఉన్నారు. వారిని విడిచి రాలేకపోతిని."

 ఆ గొంతు విని వంటింట్లోంచి అత్తగారు బయటికొచ్చింది. కొత్తవాళ్లంటే గుమ్మం దాటనివ్వని మనిషి. పొడుగమ్మాయిని కిందనుంచి పైదాకా చూసి, "మళ్లీ చెప్పు" అంది. పొడుగమ్మాయి పొల్లుపోకుండా మళ్లీ చెప్పింది. ముసలావిడ మొహం విప్పారింది. "అమ్మాయ్, ఈ పిల్ల అచ్చం మా నాన్నలా మాట్లాడుతోందే! ఆయనా బళ్లో ఇలాగే పాఠం చెప్పేవాడు. రా తల్లీ రా, చెప్పులక్కడ విడవండి," అని అందర్నీ ఆవిడే లోపలికి తోలింది.

ఇంట్లో ఉన్నది నలుగురు కూర్చునే బల్ల. వాళ్లాయన మితభాషి. మాటకి బదులు తల ఊపితే సరిపోయే చోట మాట వాడడు. పదకొండు మందినీ చూశాడు, బల్లనీ చూశాడు, కిందకి వెళ్లి స్క్రూడ్రైవరు తెచ్చాడు.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"తలుపు" అన్నాడాయన.

పడగ్గది తలుపు మడతబందులూడదీసి, కొట్లోంచి పలకలు ఆనించి కోసే రెండు చెక్క స్టాండ్లు తెచ్చి వాటి మీద అడ్డంగా వేశాడు. పైన దుప్పటి పరిచాడు. గడియ ఉన్న చోట ఎత్తుగా ఉంటే అక్కడ నీళ్ల జగ్గు పెట్టకూడదని కూతురికి చెప్పాడు. ఆ రోజంతా ఆయన మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే.

తలుపు సరిపోయింది గానీ కూర సరిపోదు. ఎనిమిది మందికని మొదలుపెట్టింది పదిహేను మందికి రావాలి. అక్కయ్య వేరుశనగ పప్పులు వేయించి, మెత్తగా నూరి, నీళ్లు పోసి కూరలో కలిపింది. కూర చిక్కబడింది, రెట్టింపయింది, వాసన కూడా బ్రహ్మాండంగా వచ్చింది. అందరూ కూర్చున్నారు. మొదటి ముద్ద పెట్టుకోగానే గదిలో మాటలు ఆగిపోయాయి. రెండ్రోజుల తర్వాత వేడన్నం తింటున్నవాళ్లకి మాటలెక్కడ వస్తాయి?

యాభై రెండో గది అమ్మాయి అందరికంటే చిన్నది, బక్కపల్చటిది. నాలుగో ముద్దకి చెయ్యి మెడ మీద పెట్టుకుంది. మొదట పొలమారిందనుకున్నారు. మంచినీళ్లిచ్చారు. నీళ్లు దిగలేదు. చూస్తుండగానే పెదాలు ఉబ్బాయి, బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. నేర్చుకున్న భాష మర్చిపోయి తన భాషలో ఏదో చెబుతోంది. అది అక్కడెవరికీ రాదు. పొడుగమ్మాయి కంచంలో కూర వాసన చూసి తలెత్తింది.

"ఇందులో వేరుశనగ కలదా?"

"ఉంది. ఎందుకు?"

ఇంక ఎవరూ జవాబు చెప్పనక్కర్లేకపోయింది. వాళ్లాయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు. కొట్టు ముందు సామాన్ల బండి నిండా ప్లైవుడ్ పలకలున్నాయి. వాటిని రోడ్డు మీదకి గుంజి పారేశాడు. అక్కయ్య ఆ పిల్లని రెండు చేతులా ఎత్తుకుని దిగింది. ఎలా ఎత్తగలిగిందో తనకే తెలీదట. ఆ బండి మీదే ఆస్పత్రికి తీసుకెళ్లారు. పండగ పూట డాక్టరు లేడు, ఉన్నది నర్సు ఒక్కతే. ఆ తల్లి ఒక్క చూపుకే సంగతి గ్రహించి తొడకి సూది వేసింది. అరగంటకి ఊపిరి తిన్నగా ఆడింది. గంటకి ఉబ్బు తగ్గడం మొదలైంది. అప్పుడు నర్సు అక్కయ్య వైపు తిరిగింది.

"పెట్టేముందు ఏవి పడవో అడగరామ్మా?"

అక్కయ్య మంచం చివర ఆ పిల్ల పాదాలు పట్టుకుని కూర్చుంది.

మూడున్నరకి వాళ్లు ఇంటికి తిరిగొచ్చేసరికి మిగతా పదిమందీ గిన్నెలు కడిగేసి, గోడకి ఆనుకుని బిక్కుబిక్కుమంటూ ఉన్నారు. యాభై రెండు నడుచుకుంటూ లోపలికి రాగానే అందరూ ఒక్కసారిగా లేచారు. ఆ పిల్ల ఆకలేస్తోందంది. అత్తగారు కొత్త గిన్నె కడిగి, విడిగా అన్నం వండి, దాని మీద వాళ్లు తెచ్చుకున్న గుడ్డు వలిచి పెట్టింది. పండగ పూట అక్కయ్య ఇంట్లో ఆ పిల్ల తిన్నది ఉత్త అన్నం, సొంత గుడ్డు.

సెలవులయ్యాక మేడం నన్ను పిలిచి మెమో టైపు చేయించింది. అనుమతి లేకుండా విద్యార్థినులను బయటకు తీసుకువెళ్లడం, వారి ప్రాణానికి ముప్పు తేవడం. మేడం చెడ్డ మనిషేమీ కాదు. "ఆ పిల్లకి ఏమైనా అయ్యుంటే వాళ్లమ్మకి ఫోన్ చేయాల్సింది ఎవరండీ? నేను. ఏమని చేస్తాను?" అంది నాతో.  మెమో తెచ్చి ఎదురు బల్ల మీద పెట్టాను.

అక్కయ్య చదివి మడిచి సొరుగులో పెట్టుకుంది. ఆ తర్వాత రెండ్రోజులు ఆవిడ ఎవరినీ నంబరుతో కూడా పిలవలేదు. అడిగిన తాళంచెవి ఇవ్వడం, రిజిస్టరు ముందుకి తోయడం, అంతే. మూడో రోజు మధ్యాహ్నం యాభై రెండు వచ్చి బల్ల ముందు నిలబడింది.

"నా తాళపుచెవి పోయినది."

అక్కయ్య అలవాటు ప్రకారం వెనక్కి చెయ్యి చాపబోయి ఆగింది. తాళంచెవి ఆ పిల్ల మెడలోనే వేలాడుతోంది. నాడా కట్టిచ్చింది అక్కయ్యే.

"అదేమిటి మరి?"

ఆ పిల్ల కిందకి చూసుకుని సిగ్గుపడింది. "దొరికినది" అంది. కాసేపు తటపటాయించి, "మీ ఇంట మరల ఎప్పుడు భోజనము?" అని అడిగింది.

అక్కయ్య లేచి బయటి కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కుంది. వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "తమ్ముడూ, ఆ మెమోకి జవాబు రాసిపెట్టు. నేను చెప్తా."

ఇలాంటి జవాబులు నేను ఎన్నో రాసినవాణ్ణి. 'ఇకపై ఇటువంటి పొరపాటు జరగదని హామీ ఇస్తున్నాను' అని చివరి వాక్యం ముందే టైపు చేసేశాను. ఆవిడ కాగితం చూసి, "అది తీసెయ్" అంది.

"అక్కయ్యా, అది లేకపోతే మేడం ఊరుకోదు."

"ఊరుకోకపోతే పోనీ. తప్పు నాదే. అడక్కుండా పెట్టాను, అలా రాయి. ఇంకెప్పుడూ అడక్కుండా పెట్టనని రాయి. అసలు పెట్టనని మాత్రం రాయకు."

అలాగే రాశాను. మేడం రెండుసార్లు చదివింది. ఆవిడ కోపం చల్లారలేదు. అక్కయ్య సర్వీసు పుస్తకంలో హెచ్చరిక ఒకటి ఎక్కింది, రిటైరయ్యేదాకా అది అక్కడే ఉంది. కానీ మేడం గదిలోంచి బయటికి వస్తూ అక్కయ్య వెనక్కి తిరిగి, "మేడం, వచ్చే ఏడు భోజనశాల మూసి ఉండును అని నోటీసు వేస్తారు కదా, ఆ కిందే ఈ పిల్లలు ఎక్కడ తినాలో కూడా రాయించండి," అని అడిగింది. మేడం పేపరువెయిటు తిప్పుతూ కూర్చుంది. మర్నాడు నన్ను పిలిచి, పండగకి ఎవరింటికైనా వెళ్లే పిల్లలు సంతకం పెట్టడానికి ఒక అనుమతి పత్రం తయారు చేయమంది.

మరుసటి ఏడు పండగకి నెల రోజుల ముందు అక్కయ్య పెన్సిలు, అట్ట ముక్కలు పట్టుకుని గది గదికీ తిరిగింది. ఏం తినవు? తింటే ఏమవుతుంది? ఏ మందు వేసుకుంటావు, అది ఎక్కడ పెట్టుకుంటావు? ఒకమ్మాయి మాంసం ముట్టదు. ఒకమ్మాయి ఒక రకం మాంసమే ముట్టదు. ఒకమ్మాయికి పాలు పడవు. ఇంకొకమ్మాయికి కారం నాలిక్కి తగిలితే ఎక్కిళ్లు. అన్నీ అట్ట ముక్కల మీద రాసుకొచ్చి, వెనకవైపు వాళ్ల పేర్లు తనకి వినపడినట్టు తన లిపిలో రాసుకుంది.

"అన్నం పెడుతూ నంబరుతో పిలిస్తే జైల్లో ఉన్నట్టుంటుంది తమ్ముడూ," అంది. ఖాళీ దొరికినప్పుడల్లా ఆ పేర్లు పైకి అనుకునేది. నేను ఎదురుగా కూర్చుని పరీక్ష పెట్టేవాణ్ణి. యాభై రెండు పేరు పలకడానికి ఆవిడకి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు ఆ పిల్ల కారిడార్లో పోతుంటే వెనకనుంచి పేరు పెట్టి పిలిచింది. ఆ పిల్ల గిర్రున తిరిగి, అక్కడెవరైనా తన ఊరివాళ్లున్నారేమో అన్నట్టు చుట్టూ వెతికింది. నా నోరు మాత్రం ఎంతకీ తిరగలేదు. అందుకే ఇప్పటికీ నంబర్లతోనే చెబుతున్నాను.

ఆ ఏడు నూట నాలుగు, యాభై రెండూ పొద్దున్నే వంటింట్లో దిగిపోయారు. వేరుశనగ డబ్బాని అత్తగారు ముందు రోజే పక్కింట్లో పెట్టించేసింది. పొడుగమ్మాయి తమ ఇంట్లో చేసుకునే బంగాళాదుంపల కూర చేస్తానంది. అత్తగారు పక్కన నిలబడి తొంగి చూసింది.

"ఉప్పు చాలదు."

"చాలును."

"చాలదంటుంటే!"

"చాలును అని చెప్పితిని."

ముసలావిడ ఎనభయ్యో పడిలో ఉన్న మనిషి, ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని, "నీకు తెలియదు, ఊరకుండుము!" అంది. వంటిల్లు నవ్వులతో ఎగిరిపోయింది. ఉప్పు మాత్రం ముసలావిడే వేసింది. వేశాక రుచి చూసి, కాస్త ఎక్కువైందని తనే ఒప్పుకుంది.

అలా ఏటేటా పెరిగింది. పదకొండు పంతొమ్మిదైంది. పంతొమ్మిది ఇరవై ఆరైంది. పడగ్గది తలుపుకి వంటింటి తలుపు తోడైంది. చదువు ముగించుకుని వెళ్లేవాళ్లు కొత్తగా వచ్చేవాళ్లకి చెప్పి వెళ్లేవారు. ఆరో ఏడు నలభై ముగ్గురు. ఆ ఏడు మేడం కూడా చూడ్డానికి వచ్చింది. మెట్ల మీద కూర్చుని ఒళ్లో కంచాలు పెట్టుకు తింటున్న పిల్లల మధ్యనుంచి చీర పట్టుకుని జాగ్రత్తగా ఎక్కింది. వాళ్లాయన కొట్లో చెక్కపొట్టు ఊడ్చి, అక్కడ ఇంకో పంక్తి కూర్చోబెట్టాడు. అక్కయ్యకి కూర్చోవడానికి కాదు, నిలబడ్డానికి చోటు లేదు. కానీ ఎవరికి ఏ గరిటెతో పెట్టాలో ఒక్క పొరపాటు కూడా చేయలేదు.

మేడం అన్నీ చూసి, "ఇక మీ ఇల్లు చాలదండీ. వచ్చే ఏడు భోజనశాల నేను తెరిపిస్తాను, వంటవాళ్లని కూడా పెట్టిస్తాను," అంది.

ఆ మాట ఆవిడ నోటినుంచి రావడానికి ఆరేళ్లు పట్టింది. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవారు. అక్కయ్య రెండ్రోజులు ఆలోచించింది. నాతో కూడా అంది, "నలభై ముగ్గురు అరవై అవుతారు. కాదంటే పిల్లల నోటి దగ్గర కూడు లాగేసినట్టు. అవునంటే మాత్రం..."

"అవునంటే ఏమైంది అక్కయ్యా? కడుపు నిండుతుంది కదా?"

"నిండుతుంది. కానీ మెస్సులో అన్నం రోజూ తినేదే. మా ఇంట్లో వాళ్లు ఏం చేస్తారో చూశావా? ముందు వంటింట్లోకి తొంగి చూస్తారు. మూతలు తీస్తారు. మా అత్తయ్యతో తగువు పెట్టుకుంటారు. అది హాల్లో ఎలా?"

చివరికి మేడం దగ్గరికెళ్లి మూడు రోజులు భోజనశాల తెరిపించడానికి ఒప్పించింది. మిగిలిన ఒక్కటి, అసలు పండగ రోజు మాత్రం తనకి వదిలేయమంది. అట్ట ముక్కల కట్ట పట్టుకుని ఆఫీసులన్నీ తిరగడం మొదలుపెట్టింది. బస్సు డ్రైవరు, లైబ్రరీ ఆవిడ, ప్రయోగశాలలో సీసాలు కడిగే ఆయన, మొక్కలు చూసే తోటమాలి, ఎవర్నీ వదల్లేదు. "ఇద్దర్నో ముగ్గుర్నో మీ ఇంటికి పిలవండి చాలు. ఏం పడదో అట్ట మీద అన్నీ రాసున్నాయి."

మొదట వచ్చింది నా బల్ల దగ్గరికే. ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ ఆరేళ్లూ నేను అక్కయ్య మంచితనం గురించి కనపడ్డ ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. చెప్పి, పండగ రోజు మా ఇంట్లో తలుపేసుకుని భోంచేసేవాణ్ణి. ఎదురు బల్ల మీద ఏం జరుగుతోందో అంతా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా ఒక్కర్నీ పిలవలేదు.

"అక్కయ్యా, మాది చిన్న ఇల్లు. మా ఆవిడకి కొత్తవాళ్లంటే కంగారు. నాకా, వాళ్ల పేర్లు కూడా పలకడం రాదు."

ఆవిడ వాదించలేదు. కట్టలోంచి రెండు అట్ట ముక్కలు ఏరి నా టైపు మిషను మీద పెట్టింది. "అందుకే నీకు రెండే ఇస్తున్నా. పండక్కి ఇంకా ఇరవై రోజులుంది, పలకడం నేర్చుకో. పరీక్ష నేను పెడతా."

పండగ రోజు ఇద్దరమ్మాయిలు సరిగ్గా పదకొండున్నరకి వచ్చారు. ఆ పాత పుస్తకం అప్పటికి మార్చేశారు కాబట్టి గ్రాంథికం లేదు, నవ్వుకోవడానికి ఆ ఆసరా కూడా లేదు. వాళ్లు కుర్చీ అంచు మీద కూర్చున్నారు. మేం ఎదురు కుర్చీల అంచు మీద కూర్చున్నాం. మా ఆవిడ నవ్వింది, వాళ్లు నవ్వారు. నేను నవ్వాను. గోడ గడియారం కొట్టుకుంటోంది. పది నిమిషాలు గడిచాక నేను లోపలికెళ్లి ఫోన్ చేశాను. అవతల అక్కయ్య ఇంట్లో గిన్నెల చప్పుడు, మధ్యలో అత్తగారి గొంతు.

"అక్కయ్యా, ఏం మాట్లాడాలో తెలీడం లేదు."

"మాట్లాడొద్దు. వాళ్ల చేతికి ఏదైనా పనివ్వండి," అని పెట్టేసింది.

మా ఆవిడ బఠాణీకాయల బుట్ట తెచ్చి మధ్యలో పెట్టింది. పిల్లలిద్దరూ కుర్చీలు దిగి నేల మీద కూర్చున్నారు. ఒలుస్తూ ఒలుస్తూ ఒకమ్మాయి గింజ ఒకటి నోట్లో వేసుకుంటే, రెండో అమ్మాయి ఆమె చేతి మీద కొట్టింది. అలా కొట్టేది వాళ్లింట్లో వాళ్లమ్మట. మా ఆవిడ తను కూడా కొడతానంది. అక్కణ్ణుంచి వాళ్ల ముగ్గురికీ నా అవసరం లేకపోయింది. బుట్ట ఖాళీ అయ్యేసరికి ఒకమ్మాయి తండ్రి బస్సు నడుపుతాడనీ, ఇంకొకమ్మాయికి ముగ్గురు తమ్ముళ్లనీ, ఇద్దరికీ లెక్కల మాస్టారంటే హడలనీ మా ఆవిడకి తెలిసిపోయింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. ఇరవై రోజులు కష్టపడి నేర్చుకున్న పేర్లు రెండూ ఒకదానికి బదులు ఒకటి పిలిచాను. ఎవరూ ఏమీ అనుకోలేదు, సరిదిద్ది నవ్వారంతే.

భోజనాలయ్యాయి. రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. మా ఆవిడ గిన్నెలు సర్ది, నేను చేతులు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చేసరికి పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. ఒకతె కుర్చీలో తల వెనక్కి వాల్చి. ఇంకొకతె చాప మీద మా ఆవిడ దిండు లాక్కుని, నోరు కొద్దిగా తెరుచుకుని. నాకు ఏం చేయాలో తోచక మళ్లీ ఫోన్ చేశాను.

"అక్కయ్యా, నిద్రపోయారు. నాలుగున్నరకల్లా హాస్టల్లో దింపాలని పత్రంలో రాసుంది. లేపనా?"

 ఫోన్లో ఆ ఇంటి సందడి వినపడుతోంది.

"మేడంతో నేను చెప్తాలే," అంది. "వాళ్లంతట వాళ్లనే లేవనీ. లేచాక టీ ఇవ్వండి. చిన్నదానికి పాలు పడవు, నల్ల టీ పెట్టమని మీ ఆవిడకి చెప్పు."